గోడ దూకినవాడికి దెబ్బ తగిలితే

చిన్నా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. కొత్త ఇంట్లో రెండుసార్లు ఎవరో ప్రహరీ దూకారని, పెరట్లో కుళాయిలు విప్పుకుపోయారని చెప్పావు. అంతవరకు నీ కోపం న్యాయమే. కానీ "గోడ మీద తీగ లాగి రాత్రిపూట కరెంటు పెడతానమ్మా, ఒక్కడికి తగిలితే ఇంకెవడూ రాడు" అన్నావు చూడు, ఆ మాటకి గుండె ఝల్లుమంది. వీధి పిల్లలు బంతి కోసం అదే గోడ ఎక్కుతారని అంతకు ముందే నువ్వే చెప్పావు. వద్దంటే "నా గోడ, నా ఇష్టం" అన్నావు. ఫోన్‌లో నీతో వాదించలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. అప్పటికి నీకు మూడేళ్లు. ఇల్లు కట్టిస్తున్నాం. సంపు పూర్తయింది కానీ మూత ఇంకా రాలేదు. దాని మీద రేకు ముక్క కప్పి, ఎగిరిపోకుండా రెండు ఇటుకలు పెట్టాం. గేటుకు తాళం వేశాం, ఇంకేం భయం అనుకున్నాం. ఒక సాయంత్రం వెనక వీధి పిల్లలు గోడ దిగారు. ఏడేళ్ల పిల్లాడొకడు ఆ రేకు మీద కాలు పెట్టాడు. లోపల మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి కాబట్టి ప్రాణం దక్కింది, మోచెయ్యి విరిగింది. మీ నాన్న నిచ్చెన దింపి వాణ్ని పైకి అందిస్తుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. నీళ్ల మీద వాడి నీలం చెప్పు ఒకటి మెల్లగా తిరుగుతోంది. ఈ రోజుకీ ఏ సంపు మూత తీసినా నా కళ్లు ముందు ఆ చెప్పునే వెతుకుతాయి.

అప్పుడు నేనూ నీలాగే అన్నాను. "తాళం వేశాం కదా, వాళ్లనెవరు రమ్మన్నారు?" అని. మేం సలహాకు వెళ్లిన లాయరుగారు మూడు ప్రశ్నలు వేశారు. పిల్లలు ఆ గోడ ఎక్కడం మీరు ఎప్పుడైనా చూశారా? చూశాం. రేకు కింద గొయ్యి ఉందని మీకు తెలుసా? తెలుసు. వాడికి తెలుసా? ఆ మూడో ప్రశ్నకు మీ నాన్న తల దించుకున్నారు. వైద్యం ఖర్చంతా మేమే పెట్టుకున్నాం. ఎవరూ కేసు పెట్టలేదు. అప్పట్నుంచి ఈ విషయం మీద ఏది దొరికినా చదువుతూనే ఉన్నాను.

నువ్వు తలపెట్టిన పని ఇంతకు ముందే ఒకాయన చేశాడు. బీహార్‌లో చెరుబిన్ గ్రెగొరీ అనే ఆయన. పొరుగింటి వాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోతే, ఆ ఇంటి ఆడవాళ్లు ఈయన దొడ్లోని దాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. ఈయన వద్దన్నాడు, వాళ్లు మానలేదు. ఓ రోజు దారిలో రాగి తీగ కట్టి కరెంటు కలిపాడు. హెచ్చరిక ఏమీ పెట్టలేదు. ఒకావిడకు చెయ్యి తగిలి కాసేపటికే ప్రాణం పోయింది. ఆవిడ అనుమతి లేకుండా వచ్చింది కదా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించారు. 1963లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. చెప్పకుండా వచ్చినంత మాత్రాన ఎవరేం చేసినా చెల్లే మనిషి అయిపోడని, దెబ్బ తగలాలనే ఉద్దేశంతో కనబడని ప్రమాదం అమర్చే హక్కు ఇంటివాడికి లేదని చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు అప్పటి శిక్షాస్మృతి సెక్షన్ 304ఎ కింద వేసిన శిక్షను నిలబెట్టింది. ఆ తీగ కట్టినప్పుడు ఆయన కూడా నీలాగే విసిగిపోయి ఉంటాడురా.

దొంగకు తగిలితే మాత్రం తప్పేంటి అంటావని తెలుసు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఓ భార్యాభర్తలకు ఎవరూ ఉండని పాత ఇల్లు ఉండేది. ఏళ్ల తరబడి దొంగలు పడుతుంటే, విసిగిపోయి 1967లో పడకగది తలుపు తీయగానే పేలేలా తుపాకీ అమర్చారు. పాత సీసాల కోసం లోపలికి వెళ్లినవాడి కాలు ఛిద్రమైంది. ఆ దొంగకు పడిన జరిమానా 50 డాలర్లు. ఇంటివాళ్లు అతనికి కట్టాల్సిన పరిహారం 30,000 డాలర్లు. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఎదురుగా మనిషి ఉంటే, వచ్చింది దొంగా పిల్లాడా అని చూసి ఆగుతాడు. తుపాకీకి, తీగకు ఆ వివేకం ఎక్కడిది? కోర్టులు ఇంత గట్టిగా ఉండేది అందుకే.

అలాగని వచ్చినవాడి భారమంతా నీదే అని భయపడకు. పిలిచిన అతిథి విషయంలో చూపాల్సినంత జాగ్రత్త గోడ దూకినవాడి విషయంలో చట్టం మామూలుగా అడగదు. దొంగ చీకట్లో నీ మెట్ల మీద జారిపడితే అది వాడి ఖర్మ. నువ్వుగా హాని చేయకూడదు, ఉచ్చు పన్నకూడదు. జనం వస్తున్నారని తెలిసీ ప్రాణం తీసే ప్రమాదాన్ని అలా వదిలెయ్యకూడదు.

పిల్లల దగ్గర మాత్రం లెక్క మారుతుంది. ఇంగ్లండ్‌లో ఒక ఆరేళ్ల పిల్లాడు, తొక్కి తొక్కి వంగిపోయిన కంచె దాటి, కరెంటు పారే రైలు పట్టాల మీదికి వెళ్లి ఒళ్లు కాల్చుకున్నాడు. పిల్లలు అటు వెళుతున్నారని స్టేషన్ మాస్టరుకు అంతకు ముందే కబురందింది. అయినా కంచె బాగుచేయలేదు. 1972లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ పిల్లాడి పక్షాన తీర్పిచ్చింది. సాటి మనిషి మీద ఉండాల్సిన కనీస దయ అనే మాట ఆ తీర్పులో ఉంది. బోర్డు చదవడం రాని వయసుకు బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. నీ గోడ ఎక్కేది కూడా అలాంటి పిల్లలే కదా.

కాబట్టి నా మాట విను. గోడ ఎత్తు పెంచు, దీపం పెట్టు, కెమెరా పెట్టు. పైకి కనబడే అడ్డు ఏదైనా ఫరవాలేదు. కంచెకు కరెంటు కావాల్సిందే అంటే, దానికని తయారైన యంత్రాలు ఉన్నాయి. అవి క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండని చిన్న చురక వేసి వదిలేస్తాయి, చేతిని పట్టి ఉంచవు. వాటికైనా అనుమతి కనుక్కోవాలి, బోర్డు పెట్టాలి. ఇంటి కరెంటు అలా కాదు. కండరాలు బిగుసుకుపోయి, తీగను వదలాలన్నా వేళ్లు వదలవు. దాని దగ్గరికి పోకు.

ఒకవేళ ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. ఎందుకు వచ్చావని తర్వాత అడగొచ్చు.

నీ పెరట్లో సంపు మూత పగిలిందని పోయిన నెల చెప్పావు. ఇనప మూత వేయించి తాళం పెట్టించు. తీగ లాగడానికి మాట్లాడిన మనిషికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పు. మూతకు తాళం పడ్డాక నాకో ఫోటో పంపు. అది చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మీ అమ్మ