బడి ఒక్కటే, తొవ్వలే వేరు

ఒరేయ్ శీనూ,

మంచిగున్నవా? డల్లాస్‌ల ఇల్లు కొనేటోళ్లు ముందుగాల బడి రేటింగే చూస్తరని రాసినవ్. ఆడ తెల్లోళ్లకు, నల్లోళ్లకు వేరే సర్కారు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లనే చెప్పింది. అదే కోర్టు 1974ల డెట్రాయిట్ కేసుల, తప్పు రుజువు కాంది శివారు బడి జిల్లాలను ఈ పిల్లల్ని కలిపే పనిల ఇరికియ్యొద్దన్నది. ఇగ పైసలున్నోళ్లకు హద్దు అవతల ఇల్లు కొంటే సరిపాయె.

మన దేవరకొండ దిక్కు ఆ హద్దు కూడ గియ్యనక్కర్లేదు. ఊరు, ఎస్సీ కాలనీ, లంబాడోళ్ల తండా ఎప్పటినుంచో ఎడమెడమే. ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపలుండాలని విద్యాహక్కు రూల్. చిన్నపిల్లలకు మంచిదే, కాదన. కానీ తండాకొకటి, కాలనీకొకటి పడ్డంక ఒక్కోదాంట్ల ఒక్క కులపు పిల్లలే మిగిలిన్రు.

ఊరి నడుమ బడిది ఇంకో కథ. పొద్దుగాల్ల పసుపు వ్యాన్ వస్తది, ఫీజు కట్టగలిగినోళ్ల పిల్లలు టై కట్టుకోని ఎక్కుతరు. చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లుంటే చాలు. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు! ఒకాయన ట్రైనింగుకు పోయిండా, మిగిలినామె ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిపిచ్చుకుంటుంటే ఐదో తరగతి పిల్లలు ఉత్తగనే ఎక్కాలు వల్లెవేస్తుంటరు. అది చూసి ఇంకిద్దరు వ్యానెక్కుతరు. 2022ల సర్కారు బడిల ఇంగ్లీష్ మీడియం పెట్టినా వ్యాన్ ఆగలే. తల్లిదండ్రులు తరగతికొక టీచరున్నడా అని చూస్తరు. పక్కన కూసునేది ఎవరి పిల్లలో కూడ చూస్తరు, పైకి అనరంతే.

గురుకులాలు మంచిగనే నడుస్తయ్, కానీ అవీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనార్టీ అని వేరేవేరే. ప్రైవేట్ల పేదపిల్లలకు 25 శాతం సీట్లన్న మాట 2009 చట్టంలనే ఉన్నా, మన దగ్గర ఏండ్లతరబడి కాగితం దాటలే.

సర్కారు బడిల పిల్లల్ని ఎట్ల పెంచాలని మీ ఊరోళ్లు అడిగితే ఇట్ల చెప్పు. పిల్లల్ని చేర్పియ్యనీకి సర్కారు జూన్‌ల పెట్టే బడిబాట దాకా ఆగొద్దు, ప్రైవేటోళ్లు ఎండాకాలం రాకముందే ఇండ్ల పొంట తిరుగుతరు. అంగన్‌వాడీ టీచరును అడిగి ఒకటో తరగతికొచ్చే పిల్లల పేర్లు రాస్కోవాలె. ఒక్కొక్క ఇంటికి పోతే "మాదొక్కటే ఎందుకు?" అంటరు. అందుకే ఊరోళ్లను, కాలనీ వాళ్లను, తండా వాళ్లను ఒక్కతాన కూసోపెట్టి అందర్ని ఒకేసారి చేర్పియ్యాలె. పై తరగతుల పిల్లల్ని మళ్లించుడు తిప్పలే, ఫీజు బాకీ ఉంటే టీసీకి సతాయిస్తరు. టీసీ ఆలస్యమైనా సర్కారు బడి చేర్చుకోవాల్సిందే, చట్టముంది. లెక్క 61కి చేరితే మూడో టీచరును హక్కుగ అడగొచ్చు.

తండా పిల్లలకు ఆటో మాట్లాడకుంటే మాత్రం వానలు పడంగనే అంతా ఆగమైతది. మీ అమెరికా గ్రూపోళ్లు ఎప్పుడు సూడు, పేరు రాసుకునే గేటుకే చందాలిస్తరు. ఈసారి ఆటో కిరాయికి ఇస్తరా, అడిగి చెప్పు.

నీ దోస్తు