సర్వసభ్య సమావేశానికి వంశచరిత్ర విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి విభాగమూ ఏడాదికోసారి లిఖితపూర్వకంగా నివేదిక ఇవ్వాలని మన నియమావళి చెబుతోంది కాబట్టి ఇస్తున్నాను. పోయినేడు మా వంతు వచ్చేసరికి వడ్డన మొదలైంది, హాలు సగం ఖాళీ అయింది. అందుకని ఈసారి ముందుగానే పంపిస్తున్నాం, చదివి రండి. విభాగం ఎందుకు పెట్టామో మళ్లీ చెప్పను. పిల్లలు ఇక్కడి అమెరికా వాళ్లను పెళ్లిళ్లు చేసుకున్నాక, మనవలకు ఒకవైపు గోత్రం, ఇంటిపేరు అప్పజెప్పి రెండోవైపు ఖాళీగా వదిలేయకూడదని అందరం చేతులెత్తి తీర్మానించుకున్నదే.

ముందు కృతజ్ఞతలు. శనివారాలు తమ బేస్‌మెంట్ మాకు వదిలేసి, అడక్కుండానే టీలూ పకోడీలూ పంపిన దంపతులకు. పద్దెనిమిదో శతాబ్దపు చేతిరాత చదవడం ఓపిగ్గా నేర్పిన రిటైర్డ్ లైబ్రేరియన్ గారికి (ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు, ఇప్పుడు మాత్రం ‘ఇంకొంచెం వేయండి’ అనడం వచ్చేసింది). వంశవృక్షాలను పెద్ద సైజులో ఉచితంగా ప్రింటు వేసిచ్చిన సభ్యుడికి. కారు నడపలేని పెద్దవాళ్లను తెచ్చి దింపిన కాలేజీ పిల్లలకు. రిచ్మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా రీడింగ్ రూమ్ సిబ్బందికి. దీపావళి సంబరాల్లో మాకు స్టాలు ఇచ్చిన సాంస్కృతిక విభాగానికి (వెనక మూల, జనరేటర్ పక్కన అయినా సరే) పేరుపేరునా ధన్యవాదాలు. ఆ పేర్లు మాత్రం రాయడం లేదు. రాస్తే ఎవరిదో ఒకరిది మర్చిపోయి ఏడాదంతా మాట పడాలి.

ఈ ఏడాది అసలు పని చేసింది విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. ఈ మాట రికార్డులో ఉండాలని పట్టుబట్టి రాస్తున్నాను. ఇక్కడ పుట్టిన మన పిల్లలు కంప్యూటర్ ముందు చురుకే గానీ, పాత కాగితం ముందు పెడితే చేతులెత్తేశారు. స్కూల్లో వాళ్లకు కలిపిరాత నేర్పలేదు మరి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో నాలుగు గీతల కాపీరైటింగ్ పుస్తకాల మీద ఇంగ్లిషు దిద్దిన అమ్మమ్మలు, తాతయ్యలు మాత్రం రెండు వారాల్లో దారిలో పడ్డారు. మాట మధ్యలో ‘ఎస్’ అక్షరాన్ని ‘ఎఫ్’ లాగా పొడుగ్గా రాసే ఆనాటి అలవాటు మొదట్లో అందరినీ తికమక పెట్టింది. తర్వాత అదే వాళ్లకు నవ్వులాట అయింది. బ్రిటిష్ పాలనలో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదనీ, అందుకే జార్జ్ వాషింగ్టన్ పుట్టిన రోజు పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22 అనీ చెబితే పిల్లలు జుట్టు పీక్కున్నారు. ఉగాదికి ఏడాది మారడం అలవాటైన పెద్దవాళ్లు ‘అంతే కదా’ అని పని చూసుకున్నారు.

వాళ్లు ఎక్కువగా ఎత్తిరాసినవి పన్ను పట్టీలు. వర్జీనియాకు 1790 జనాభా లెక్కల పట్టీలు మిగల్లేదు. ఆ పేరుతో తర్వాత అచ్చయిన పుస్తకం కూడా 1782 నుంచి 1785 దాకా రాష్ట్రం రాయించిన జాబితాల నుంచి కూర్చిందే. 1850కి ముందు లెక్కల్లో ఇంటి యజమాని పేరు తప్ప భార్యాపిల్లల పేర్లుండవు. అందుకని 1782 నుంచి మొదలయ్యే పన్ను పట్టీలే మనకు ప్రాణం: మగవాళ్లెందరు, గుర్రాలెన్ని, పశువులెన్ని. కొన్ని పట్టీల్లో వసూలుదారు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లాడో కూడా ఉంటుంది. ఒకే రోజు పడ్డ పేర్లంటే చాలావరకు ఇరుగుపొరుగు.

ఇక్కడే ఈ ఏడాది మేం గర్వంగా చెప్పుకునే పని వచ్చింది. మన సభ్యురాలి అల్లుడిది కెంటకీ. వాళ్లింట్లో తరతరాలుగా రెండు మాటలున్నాయి: తాము ఇంగ్లండ్ నుంచి తొలి వలసదారుల్లో కొందరిని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చామని, ఒక ముత్తవ్వ చెరొకీ అనే ఇక్కడి ఆదివాసీ తెగ రాజకుమారి అని. (1620లో ఆ ఓడ ఎక్కిన ప్రయాణికులు 102 మంది, మొదటి చలికాలం దాటేసరికి దాదాపు సగం మంది పోయారు. అమెరికాలో సగం ఇళ్లకు ఆ ఓడే ఎలా మూలమైందో నాకైతే అర్థం కాదు.) అల్లుడి చేతిలో ఉన్న కాగితం మాత్రం ఒక్కటే, ఒక వితంతువు పింఛను ఫైలు. అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధంలో పనిచేసి 1794కు ముందు పెళ్లి చేసుకున్నవాళ్ల భార్యలకు 1838 చట్టం పింఛను ఇచ్చింది. పెళ్లికి రుజువు కావాలి గనుక ఆవిడ ఇంటి బైబిల్లోంచి ఒక ఆకు చింపి దరఖాస్తుకు జతచేసింది. కుట్టు దగ్గర చిరిగిన అంచు స్కానులో కూడా గరుగ్గా కనిపిస్తుంది. సంతకం లేదు, ఇంటూ గుర్తు. పిల్లల పేర్లన్నీ ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఉన్నాయి. అంటే ఎప్పటికప్పుడు రాసినవి కావు, ఒక్కసారే కూర్చుని రాసినవి, కాబట్టి పెద్దపిల్లల తేదీలను అంత గుడ్డిగా నమ్మొద్దని లైబ్రేరియన్ గారు వెంటనే హెచ్చరించారు.

భర్త వర్జీనియాలోని అగస్టా కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి సైన్యంలో చేరాడని ఫైలు చెబుతోంది. చిక్కేమిటంటే అక్కడ అదే పేరుతో ఇద్దరున్నారు, ఒకడికి పక్కన ‘జూనియర్’ అని కూడా ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే వంశవృక్షాలన్నీ వాళ్లను తండ్రీకొడుకులుగా కలిపేశాయి. ఆ రోజుల్లో ఒక ఊళ్లో ఒకే పేరున్న ఇద్దర్లో చిన్నవాడిని అలా రాసేవాళ్లు, చుట్టరికం ఉండాలని లేదు. పన్ను పట్టీలు చూస్తే ఇద్దరి దగ్గరికీ వసూలుదారు వేర్వేరు రోజుల్లో వెళ్లాడు. అనుమానం బలపడింది గానీ తేలలేదు.

తేల్చింది ఆంధ్రలో సర్వేయరుగా చేసి రిటైరైన ఒక నాన్నగారు. కోడలికి పురుడని ఆరు నెలలకు వచ్చారు. క్లాసుకు మొదట టీ కోసమే వచ్చానని ఆయనే చెప్పారు. ఒక దస్తావేజు చేతికిచ్చాం. ‘తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరం నుంచి 40 డిగ్రీలు తూర్పుగా 80 పోళ్లు పోయి, వాగొడ్డున రెండు హికరీ చెట్ల దాకా’ అని ఉంది. ‘ఇది చెక్కుబందీయే (హద్దుల వివరమే) కదండీ’ అన్నారు. పోలు అంటే 16.5 అడుగులు, నాలుగు పోళ్లయితే 66 అడుగుల గొలుసు. తన ఉద్యోగంలో లింకులు లెక్కపెట్టిందీ ఆ గొలుసుతోనేనట. మనవడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసుకుని గ్రాఫు కాగితం మీద ఒక్కో భూమీ గీస్తూ పోయారు. ఒక అంచు కలవకపోతే ఎత్తిరాతలో తప్పుందని ఆయనే కనిపెట్టి, మూలం మళ్లీ చూడమన్నారు. చూస్తే పశ్చిమం బదులు తూర్పు అని పడింది. చివరికి ఇద్దరి పొలాలూ వాగుకు ఆ చివరా ఈ చివరా తేలాయి. ఒకడి పొలం మాత్రం, ఒక వృద్ధుడు విలియం బెవర్లీ దగ్గర కొన్న భూమిలో పక్కగా కోసిన ముక్కలా సరిగ్గా అమరింది. ఆ ముక్క అమ్మినప్పుడు భార్యను విడిగా కూర్చోబెట్టి, ఆమె తన వాటా హక్కు వదులుకుంటున్నట్టు రాయించారు. ఆమె పేరూ, పింఛను అడిగిన వితంతువు పేరూ ఒకటే. వృద్ధుడి వీలునామాలో ఈ కొడుకు ఉన్నాడు, రెండోవాడు లేడు.

బెవర్లీకి 1736లో దక్కిన 1,18,491 ఎకరాల పట్టా అది. అగస్టా కోర్టు 1745లో గానీ మొదలవలేదు కాబట్టి అంతకుముందు దస్తావేజులు ఆరెంజ్ కౌంటీలో వెతకాలి. వృద్ధుడు కొన్న దస్తావేజు అక్కడే దొరికింది. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్స్టర్ నుంచి ఫిలడెల్ఫియాకు ఓడలో వచ్చి, బళ్ల బాట పట్టి వర్జీనియాలోని షెనండోవా లోయలోకి దిగిన వేల కుటుంబాల్లో వీళ్లదొకటి. మేఫ్లవరూ లేదు, రాజకుమారీ లేదు. కొడుకు యుద్ధం తర్వాత కంబర్లండ్ కనుమ దాటి, డేనియల్ బూన్ మనుషులు 1775లో కొట్టిన దారిలో కెంటకీ చేరాడు.

దీపావళి స్టాల్లో ఈ చెట్టు పెట్టాం. అల్లుడి తల్లిగారు కెంటకీ నుంచి ప్రత్యేకంగా వచ్చారు. మేఫ్లవర్ ఎక్కడని ముందు కాస్త గట్టిగానే అడిగారు. సర్వేయరు గారు తన ఇంగ్లిషులో, సగం చేతులతో, గ్రాఫు కాగితం చూపించి హద్దులన్నీ వివరించారు. ఆవిడ వెళ్లేటప్పుడు ఆ కాగితం తనకిమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు, జిరాక్సు ఇచ్చారు. ఒరిజినల్ ఫైల్లో ఉండాలట. మన సభ్యులంతా ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

తరగతుల్లో పాఠంగా వాడింది అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వంశం. 1637లో మసాచుసెట్స్ హింగమ్ చేరిన శామ్యూల్ లింకన్ నుంచి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాలోని లిన్విల్ క్రీక్, కెంటకీ దాకా కుటుంబం జరుగుతూ వచ్చిన తీరు కాగితాల మీద దొరుకుతుంది. తాత కెంటకీకి 1781 లేదా 82లో వెళ్లి ఏడాది రెండేళ్లకే చనిపోయాడని అధ్యక్షుడయ్యే ముందు 1859లో లింకనే స్వయంగా రాశాడు. అసలు ఆయన చంపబడింది 1786లో. సొంత తాత గురించి లింకన్ మాటకే కాగితంతో సరిచూసుకోవాల్సిన గతి పడితే, ఎవరో పెట్టిన ఆన్‌లైన్ చెట్టును యథాతథంగా ఎక్కించేవాళ్లను ఏమనాలి? డబ్బున్న కుటుంబాలకు దొంగ వంశావళులు అల్లి అమ్మిన గుస్తావ్ అంజూ 1942లోనే పోయాడు గానీ, ఆయన కల్పించిన తాతలు ఇంకా చెట్ల మీద తిరుగుతూనే ఉన్నారు.

ఇదే సందర్భంలో టోనీ సంగతి. జార్జ్ మెనెఫీ 1635లో వర్జీనియాలో భూమి పట్టా తీసుకుంటూ, తలకు 50 ఎకరాల లెక్కన తాను తెచ్చిన మనుషుల జాబితాలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని రాయించాడు. ఈ గడ్డ మీద కాగితానికెక్కిన తొలి భారతీయుల్లో ఒకడు. అంతవరకే పట్టాలో ఉంది. అతను మచిలీపట్నం వాడని, ఇంటిపేరు తోట అయ్యుంటుందని మన వాట్సాప్ గ్రూపులో తిప్పినవాళ్లు దయచేసి ఆపండి. మన తూర్పు తీరంతో చుట్టరికం కావాలంటే ఖాయమైనవే ఉన్నాయి. 1649లో బోస్టన్‌లో పుట్టిన ఎలైహు యేల్, 1652లో కనెక్టికట్ గిల్‌ఫర్డ్‌లో పుట్టిన నథానియల్ హిగిన్సన్ ఒకరి తర్వాత ఒకరు మద్రాసు కోటకు గవర్నర్లయ్యారు. 1688లో మద్రాసు తొలి మేయరు ఈ హిగిన్సనే.

మరో సభ్యుడి అల్లుడు ఆఫ్రికన్ అమెరికన్. ఆ పని ఇంకా సాగుతోంది, తొందరగా తెమిలేది కాదు. 1870 జనాభా లెక్కలకు వెనక్కి వెళ్తే గోడ అడ్డం: 1850, 1860 బానిసల పట్టీల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు తప్ప మనిషి పేరుండదు. 1866లో ఫ్రీడ్మెన్స్ బ్యూరో (బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన కార్యాలయం) రాయించిన దంపతుల రిజిస్టరులో వాళ్ల చివరి యజమాని పేరు దొరికింది. అక్కడి నుంచి ఆ యజమాని తండ్రి ఆస్తి పట్టీకి వెళ్లాం. రెండు గుర్రాలకూ ఒక రాగి డేగిసాకూ మధ్య ఒక తల్లి, చంటిబిడ్డ, కలిపి ఒకటే ధర. ఆ పేజీ ఎత్తిరాసిన అమ్మగారు ఆ పూట ఇంకేమీ రాయలేదు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వారి ‘వర్జీనియా అన్‌టోల్డ్’ సేకరణలో ఇలాంటివి ఇంకా ఎత్తిరాయాల్సి ఉంది, మనుషులు కావాలి. కొత్త నేలలకు వలస వెళ్లిన కుటుంబాల కథలంటే ఉత్సాహం చూపేవాళ్లు ఈ పనికి పిలిస్తే జారుకుంటున్నారు. ఆ పొలాలు దున్నింది ఎవరనుకుంటున్నారో మరి.

ఆగిపోయిన పనులు. హనోవర్ కౌంటీ కావాలని అడిగిన ముగ్గురు సభ్యులకు: ఆ దస్తావేజులు భద్రంగా ఉంటాయని రిచ్మండ్‌కు తరలిస్తే, అంతర్యుద్ధం చివర 1865 ఏప్రిల్‌లో అక్కడ రేగిన మంటల్లో చాలామటుకు కాలిపోయాయి. నన్ను ఫోన్లో కోప్పడి లాభం లేదు. వేరొక కౌంటీ కార్యాలయం పుస్తకాలను ఫోనుతో ఫొటో తీసుకోవచ్చని ముందు చెప్పి, రెండు కార్లలో పెద్దవాళ్లను తీసుకెళ్లాక కుదరదంది. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. మన కార్యవర్గమూ తక్కువ తినలేదు. శనివారం హాలు మాకని మినిట్స్‌లో రాసుకుని, డాన్సు రిహార్సల్సుకు ఇచ్చేశారు. బేస్‌మెంటులో పడింది అందుకే.

వాలంటీర్ల షీట్లో పేర్లకు కొదవ లేదు. పన్ను పట్టీలు సరిచూసే వారాంతాన వచ్చిన రిజిస్టర్డ్ సభ్యులను ఒక కారులో కూర్చోబెట్టొచ్చు. దీపావళి స్టాలు ముందు గ్రూప్ ఫొటోకు మాత్రం చోటు చాల్లేదు. డీఎన్‌ఏ పరీక్ష ఫలితాలు పంపి ‘చెట్టు చేసిపెట్టండి’ అనేవాళ్లకు ఒక మనవి: ముందు మీ వియ్యాలవారి ఇంట్లో బతికున్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి, పేర్లు రాసుకుని రండి.

జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి. నకళ్లకు, ప్రింటు కాగితానికి, పెట్రోలుకు తప్ప మా విభాగం పెద్దగా ఖర్చు పెట్టింది లేదు. పకోడీలు విరాళం. ఆమోదించగలరు.

వచ్చే ఏడాదికి కార్యవర్గాన్ని కోరేవి రెండే: శనివారం హాలు మినిట్స్‌లో రాసినట్టే ఇవ్వడం, పెద్ద స్కానరు ఒకటి కొనడం. సర్వేయరు గారి వీసా గడువు ఉగాదికి ముందే అయిపోతుంది. గ్రాఫు మీద భూములు గీయడం ఆయన దగ్గర నేర్చుకోవడానికి కనీసం నలుగురు కావాలి. సమావేశం రోజు రిజిస్ట్రేషన్ బల్ల మీదే కాగితం పెడతాం. వచ్చే శనివారాలు ఖాళీగా ఉన్నవాళ్లే పేరు రాయండి, మిగతావాళ్లు దయచేసి రాయొద్దు.

ఇట్లు,
కార్యదర్శి, వంశచరిత్ర విభాగం