రెండో తూటా కోసమే రా ఆ డబ్బంతా

అరూషా, టాంజానియా

ఒరేయ్ శేఖరూ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి మూడుసార్లు చూశాను. వేలంలో కనపడిన ఆ పాత ఇంగ్లిష్ డబుల్ రైఫిల్ మీద చెక్కడం చాలా బాగుంది, కాదనను. కానీ అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టకు, నా మాట విను.

నువ్వు ఇక్కడికి వేటకి వచ్చేది అడవి దున్న కోసం. దాన్ని ఇక్కడ ఎంబోగో అంటారు. దెబ్బ తిన్న ఎంబోగో పొదలో నక్కి కూర్చుని, పది గజాల దూరంలో లేచిందనుకో, మామూలు రైఫిల్‌లో రెండో తూటా ఎక్కించడానికి బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోసే టైమ్ ఉండదు. డబుల్ రైఫిల్‌కి రెండు గొట్టాలే కాదు, ట్రిగ్గర్లూ రెండు, లోపల తూటాని పేల్చే లాక్‌లూ రెండు. ఒకటి మొరాయించినా రెండోది దాని మానాన అది పనిచేస్తుంది. నువ్వు డబ్బు పోసేది ఆ రెండో తూటా కోసమే.

ఇది నేను అనుభవించి చెప్తున్నాను. మూడేళ్ల కిందట మంచి పేరున్న ఒక పాత .470 సైజు డబుల్ రైఫిల్ కొన్నాను. అంతా సరిచేశామని అమ్మినవాళ్లు చెప్తే నమ్మాను. రేంజ్‌లో ముందు ట్రిగ్గర్ నొక్కితే కుడి గొట్టంతో పాటు ఎడమదీ పేలింది. లోపల సుత్తిని పట్టి ఉంచే కొక్కెం, సియర్ అంటారు, అది అరిగిపోయి, మొదటి అదురుకే జారిపోయిందట. భుజం కమిలి పది రోజులు చెయ్యి పైకి లేవలేదు. అదే దున్న ఎదురుగా జరిగుంటే రెండు తూటాలూ ఒకేసారి ఖర్చయిపోయి, ఖాళీ తుపాకీతో నిలబడేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో సంగతి ఉంది, రెగ్యులేషన్. రెండు గొట్టాలనీ ముందువైపు కాస్త దగ్గరయ్యేలా సోల్డర్ చేసి, ఒకే రకం తూటాతో కాల్చి చూస్తూ, రెండూ ఒకచోట తగిలేదాకా సరిచేస్తారు. .470కైతే 500 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్, సెకనుకి దాదాపు 2150 అడుగుల వేగం. ఆ వేగం మారితే రెండు దెబ్బలూ చెరో చోట పడతాయి. పాతవాటితో తంటా ఇక్కడే. అప్పటి తుపాకీ మందు కార్డైట్, ఎండకి దాని ప్రెషర్ పెరిగేది. అందుకని మన దేశానికీ ఆఫ్రికాకీ మందు తగ్గించి వేరే తూటాలు చేసేవాళ్లు. నీ రైఫిల్‌ని దేనితో సరిచేశారో గొట్టాల అడుగున కొట్టిన అంకెలు చూస్తే చాలావరకు తెలుస్తుంది.

అన్నట్టు, ఈ .470 పుట్టడానికి మన దేశం కూడా ఒక కారణం రా! 1907 ప్రాంతంలో తెల్లవాళ్లు ఇండియాలో .450 తూటాల్ని నిషేధించారు, తిరుగుబాటుదార్ల చేతికి చిక్కితే సైన్యం తుపాకుల్లో వాడేసుకుంటారని భయం. దాంతో ఇంగ్లండ్ కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్తవి తెచ్చాయి. వాటిలో జోసెఫ్ లాంగ్ తెచ్చిన .470 ఇప్పటికీ బాగా నడుస్తోంది, తూటాలూ దొరుకుతాయి. నువ్వు కూడా అదే తీసుకో.

చూడ్డానికి వెళ్లినప్పుడు గొట్టాలు విప్పించి, వేలికి వేలాడదీసి కణుపుతో కొట్టు. గుడిగంటలా మోగాలి. బొంగురుగా జీరపోతే రెండు గొట్టాల్నీ కలిపే మధ్య పట్టీ, అదే రిబ్, దాని సోల్డర్ వదిలిందన్నమాట. తర్వాత ముందు చెక్క తీసేసి, మూసిన తుపాకీని పక్కలకి ఊపు. టకటకమంటే కీలు అరిగినట్టే. పొరపాటున పేలకుండా ఆపే మీట, సేఫ్టీ, అది కూడా చూడు. కొన్నిటికి తుపాకీ తెరిచిన ప్రతిసారీ అది దానంతటదే పేలకుండా ఆపే వైపుకి వెళ్లిపోతుంది. కంగారులో తూటాలు నింపి ట్రిగ్గర్ నొక్కితే పేలదు. నాకు అది అస్సలు వద్దు.

కొత్తదైతే జర్మనీ వాళ్ల హైమ్, క్రీగాఫ్ రెండూ నాకు నచ్చాయి. క్రీగాఫ్‌కి మామూలు సేఫ్టీ ఉండదు, బొటనవేలితో ముందుకు తోస్తేనే లోపలి స్ప్రింగులు బిగుస్తాయి. ఆ తోపుడు కాస్త గట్టిగా ఉంటుంది, చేతికి అలవాటయ్యేదాకా రోజూ సాధన చెయ్యాలి. ఏదైనా సరే, నీ చేత్తో నువ్వు నలభై తూటాలైనా కాల్చకుండా ఫ్లైట్ ఎక్కకు.

ఆ గొట్టాల అడుగు అంకెల ఫోటో అడిగి తెప్పించు, వాళ్లిచ్చిన రోజే నాకు పంపు. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
రఘు