గర్భిణికి జరమొస్తే ‘వేడి చేసింది’ అని ఊరుకోవద్దు

సంపాదకులకు,

వానాకాలం వచ్చిందంటే వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో జరాలు మామూలే. గర్భిణికి వచ్చినా ‘వేడి చేసింది, కొబ్బరినీళ్లు తాగు’ అంటూ రెండు మూడు రోజులు చూస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఓ గ్లూకోజు, ఓ సూది. మా పేచీ ఈ రెంటితోనే.

క్రిములతో పోరాడేటప్పుడు తల్లి రక్తంలో ఐఎల్‌-6 లాంటి ప్రొటీన్లు పెరుగుతాయి. క్రిమి మాయను (ప్లాసెంటాను) దాటకపోయినా, ఆ పోరు ప్రభావం బిడ్డ మెదడు ఎదుగుదల మీద పడుతుందని ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. మనుషుల్లో అంత సూటిగా ఉండదు. జరమొచ్చిన తల్లుల్లో ఎక్కువమందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. రుబెల్లా అనే వైరస్‌ జబ్బు సంగతి వేరు, అది నేరుగా బిడ్డకే సోకుతుంది. 1964-65లో అమెరికాలో దానివల్ల సుమారు 20 వేల మంది పిల్లలు లోపాలతో పుట్టారు. దాని టీకా కడుపుతో ఉండగా వేయరు, గర్భం రావడానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి.

థర్మామీటర్‌లో 100.4 దాటితే పారాసిటమాల్‌ 500 గోలీ ఒకటి. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగాలి. గోలీతో జరం దిగినా సరే, మలేరియా, డెంగీ పరీక్షలు అదే రోజు చేయించాలి. నొప్పులకు, జరానికి వేసే డైక్లోఫెనాక్‌ సూది ఐదో నెల దాటాక ఉమ్మనీరు తగ్గించే ప్రమాదం ఉంది. డెక్సా (స్టెరాయిడ్‌) సూది జరాన్ని కప్పిపెడుతుందే తప్ప క్రిమిని చంపదు.

ఎవరూ పట్టించుకోనిది మూత్రంలో ఇన్ఫెక్షన్‌. మంట, నొప్పి లేకుండానే ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీలకు ఎక్కి చలిజరం తేవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. చాలాచోట్ల స్ట్రిప్పు ముంచి చక్కెర, అల్బుమిన్‌ చూసి ‘నార్మల్‌’ అని రాసేస్తారు. క్రిమి ఉందో లేదో తేలాలంటే కల్చర్‌ (ల్యాబులో మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయాలి, అదీ మొదటి మూడు నెలల్లోనే. నమూనా పట్టడంలోనే సగం తప్పులు. ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, నడిమి ధారను ల్యాబు ఇచ్చిన స్టెరైల్‌ (క్రిములు లేని) డబ్బాలో పట్టాలి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఉంచితే క్రిములు పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.

పీహెచ్‌సీల నుంచి రక్తం నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌ (ప్రభుత్వ ల్యాబు)కు బండిలో పోతూనే ఉన్నాయి. ప్రతి నెలా 9న గర్భిణులను చూసే రోజున, ఈ డబ్బాలను కూడా ఐస్‌ పెట్టెలో పెట్టి ఆ బండిలోనే పంపే ఏర్పాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

– ప్రసూతి వార్డు నర్సులు, హనుమకొండ