పాత వ్యాగన్లను హాట్‌రాడ్‌గా మార్చే పని: రేకు చూశాకే ధర

మా దగ్గర పాత స్టేషన్ వ్యాగన్లను హాట్‌రాడ్‌లుగా, అంటే పాత బాడీకి కొత్త ఇంజను, బ్రేకులు పెట్టిన బండ్లుగా చేయించుకుంటున్నవాళ్ళకూ, అమెరికాలోని డల్లాస్ చుట్టుపక్కల నుంచి వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకూ ఈ నాలుగు మాటలు. ఎక్కువమంది అడుగుతున్నవి రెండు ప్రశ్నలు: మొదట చెప్పిన అంచనా ఎందుకు పెరుగుతోంది, బండి చేతికి ఎప్పుడొస్తుంది. రెండింటికీ అసలు కారణం రంగు, లప్పం కింద దాగిన తుప్పే.

అందుకే ఇక నుంచి పాత రంగు, లప్పం, అడుగున కొట్టిన తారు పూత అన్నీ ఊడదీసి, రేకు కళ్ళతో చూశాకే మొత్తం పనికి ధర చెబుతాం. అప్పటిదాకా విప్పడానికీ గీకడానికీ మాత్రమే గంటల లెక్కన తీసుకుంటాం. ఫొటోలు చూసి ధర చెప్పమని అడగకండి. ఫొటోలో బాగా మెరిసే బండే లోపల ఎక్కువ లప్పం మోస్తూ ఉంటుంది.

ఇప్పుడు లిఫ్ట్ మీదున్న 1957 షెవ్రలే 210 టౌన్స్‌మన్‌నే తీసుకోండి. నాలుగు తలుపుల ఫ్యామిలీ వ్యాగన్. పైనుంచి చూస్తే శుభ్రమైన బండి. వెనక సామాను పెట్టే చోట నేల మీది మూత ఎత్తితే స్టెప్నీ గుంట కనిపిస్తుంది. అద్దం చుట్టూ బీడింగు రబ్బరు ఎండిపోయి పగిలితే వాన నీళ్ళు టెయిల్‌గేట్ లోపలి నుంచి దిగి ఆ గుంటలో చేరతాయి. అడుగున తారు పూత ఉంటే బయటికి పోయే దారి కూడా ఉండదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఆ రేకు అప్పడంలా విరిగింది. గుంట పక్కనున్న అడ్డ పట్టీలు, బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంట్లు, తలుపుల కింది రాకర్లు, టెయిల్‌గేట్ అడుగు అంచు వరసగా అదే దారి పట్టాయి. ఇదే ఏడాది సెడాన్‌కు రేకులు, రబ్బర్లు తేలిగ్గా దొరుకుతాయి. వ్యాగన్‌కు బండి ముందు సగం వరకే ఆ సుఖం. వెనక పక్క అద్దాలు, పైకి లేచే లిఫ్ట్‌గేట్ ఫ్రేము, కిందికి తెరుచుకునే టెయిల్‌గేట్ లాంటివి వెతికి పట్టుకోవాలి, లేదా రేకు వంచి చేసుకోవాలి. ఆలస్యంలో పెద్ద వాటా ఇక్కడిదే.

నేల కోసే ముందు తలుపుల సందుల్లో అంగుళం చదరపు పైపుతో అడ్డంగా, ఐమూలగా కమ్మీలు వెల్డ్ చేస్తాం. అలా చేయకుండా రాకర్, నేల ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. తర్వాత ఎంత సర్దినా తలుపు సందు పైన ఎక్కువ, కింద తక్కువ వస్తుంది. ఒక పక్క పూర్తయ్యాక, తలుపులు తగిలించి సందులు చూసుకున్నాకే రెండో పక్క. అతుకులకు 18 లేదా 19 గేజ్ రేకు, 0.023 అంగుళాల మిగ్ (వెల్డింగ్) వైరు వాడతాం. గీత గీసినట్టు ఒకేసారి వెల్డ్ చేయం. అంగుళం, అంగుళంన్నర దూరంలో చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, మళ్ళీ మధ్యలో పెడతాం. వ్యాగన్ పైకప్పు పొడవు చాలా ఎక్కువ. వేడి ఎక్కితే అలలు తేలుతుంది, ఇసుక బ్లాస్టింగ్ చేసినా అంతే. అందుకే పైకప్పును చేత్తోనే గీకుతాం. గంటలు పడతాయి, ఆ గంటలు బిల్లులో కనిపిస్తాయి.

రంగు ఊడిన ఉత్త రేకుకు 80 గ్రిట్ (గరుకు) కాగితంతో గీకుడు, దానిమీద ఎపాక్సీ ప్రైమర్, ఆ తర్వాతే లప్పం. లప్పం మందం ఎనిమిదో వంతు అంగుళం దాటితే అది రేకు పనిలో లోపం కిందే లెక్క, మళ్ళీ సుత్తి పట్టాల్సిందే.

ఇంజను సంగతి. చాలామంది 5.3 లీటర్ల ఎల్ఎస్ రకం అడుగుతున్నారు. 1999 నుంచి 2007 దాకా జీఎం (జనరల్ మోటార్స్) పికప్పుల్లో వచ్చిన ఇనప బ్లాకు అది. మంచి ఎంపికే. 1957లో రెండు బ్యారెళ్ళ కార్బురేటర్‌తో 283 క్యూబిక్ అంగుళాల వీ8కు కంపెనీ చెప్పిన 185 హార్స్‌పవర్ గ్రాస్ లెక్క, అంటే ఇంజనును విడిగా, అదనపు భాగాలు లేకుండా కొలిచింది. ఇప్పటి అంకెలు బండిలో ఉండే భాగాలన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్కలో ఉంటాయి కాబట్టి తేడా కాగితం మీద కనిపించేదానికంటే ఎక్కువ. అయితే పికప్ ఆయిల్ పాన్ (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) ఈ ఛాసిస్‌కు పనికిరాదు. లోతు ఎక్కువ, స్టీరింగ్ రాడ్లకు అడ్డం వస్తుంది, స్పీడ్ బ్రేకర్‌కూ తగులుతుంది. కింద ఉండే ఏసీ కంప్రెసర్ ఫ్రేముకు తగులుతుంది కాబట్టి బ్రాకెట్ మార్చి పైకి తేవాలి. అసలు బండిలో ఇంజనుకు వెనక ఆధారం బెల్ హౌసింగ్ (ఇంజనునూ గేరు బాక్సునూ కలిపే డొప్ప) పక్కల మౌంట్లే. కొత్త గేరు బాక్సు పెడితే దాని కింద క్రాస్‌మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా వేసే దూలం) తప్పనిసరి.

సిలిండర్ హెడ్ల పైనుంచి వచ్చే స్టీమ్ గొట్టాన్ని కొందరు అనవసరం అనుకుని మూసేస్తారు. అలా మూస్తే హెడ్‌లో ఆవిరి చిక్కుకుని ఒకచోట విపరీతంగా వేడెక్కుతుంది, మీటరు ముల్లు మాత్రం మామూలుగానే చూపిస్తుంది. ఆ గొట్టాన్ని రేడియేటర్ పైభాగానికి కలుపుతాం. ఈ ఇంజనుకు పెట్రోలు వైపు ప్రెషర్ సుమారు 58 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కార్బురేటర్ కాలపు రబ్బరు గొట్టం ఆరేడు పీఎస్ఐ కోసం తయారైంది, 58 ఎక్కిస్తే పగిలి మంట అంటుకుంటుంది. ట్యాంకులో పంపు చుట్టూ అడ్డుగోడలు లేకపోతే పావు ట్యాంకు మీద మలుపు తిరిగేటప్పుడు పంపు గాలి పీలుస్తుంది, ఇంజను తడబడుతుంది. వ్యాగన్ ట్యాంకు, సెడాన్ ట్యాంకు ఒకటి కావు. ఆర్డర్ చేసేటప్పుడు వ్యాగన్ అని చెప్పండి.

గేర్ల లెక్క ఒకసారి చూసుకోండి. 28 అంగుళాల టైరు, వెనక యాక్సిల్ రేషియో 3.73, నాలుగో గేరు 0.70 ఉన్న 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేరు బాక్సుతో గంటకు 70 మైళ్ళ దగ్గర ఇంజను నిమిషానికి సుమారు 2,200 సార్లు తిరుగుతుంది. ఇలా ఇంజను వేగం తగ్గించే ఓవర్‌డ్రైవ్ గేరు లేని పాత బాక్సుతో 3,100 పైనే. కుటుంబంతో హ్యూస్టన్ దాకా వెళ్ళొచ్చే బండికి ఈ తేడా చెవులకే తెలుస్తుంది.

సైలెన్సర్ విషయంలో మాత్రం మేం మెత్తబడం. వెనక చక్రం ముందు పక్కకు గొట్టం బయటికి తీయమని అడుగుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ వ్యాగన్ నడుస్తున్నప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. వెనక అద్దమున్న లిఫ్ట్‌గేట్ కాస్త తెరిచినా, బీడింగు వదులైనా, పొగ తిరిగి లోపలికే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వెనక సీట్లో నిద్రపోయే పిల్లలకే ముందు ప్రమాదం. గొట్టం వెనక బంపర్ దాటి బయటికి రావాలి, టెయిల్‌గేట్ రబ్బర్లు కొత్తవి వేయాలి. ఈ రెండూ ఒప్పుకోని పని మేం తీసుకోం.

సీటు బెల్టులదీ అదే పట్టుదల. ఆ కాలపు బండికి భుజం బెల్టు మామూలుగా రాదు. పల్చటి నేల రేకుకు బోల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా ఊడి వస్తుంది. కింద 3 మిల్లీమీటర్ల మందం ప్లేటు వెల్డ్ చేసి, 7/16 అంగుళాల గ్రేడ్ 8 (ఎక్కువ బలం గల) బోల్టులు వేస్తాం. చైల్డ్ సీటుకు కింది కొక్కేలు అమెరికాలో 2002 సెప్టెంబర్ నుంచే తప్పనిసరయ్యాయి కాబట్టి ఇందులో ఉండవు. పిల్లలను ముందుకు చూసేలా కూర్చోబెట్టాలంటే పై పట్టీకి కూడా గట్టి ఆధారం కావాలి. మీ పిల్లల వయసులు, వాడే సీట్లు ముందే చెప్పండి. నేల మూసి కార్పెట్ పరిచాక ఇది చేయాలంటే మళ్ళీ విప్పాలి.

బ్రేకులకు ముందు చక్రాల డిస్కులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్. బూస్టర్ (ఇంజను పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో, కాలి బలాన్ని పెంచేది) లేకపోతే పెడల్ రేషియో 6:1 దగ్గర, ఉంటే 4:1 దగ్గర ఉంచుతాం. వాడిగా కోసిన క్యామ్ (ఇంజను వాల్వులను తెరిచే కడ్డీ) పెట్టిస్తే వాక్యూమ్ పడిపోయి బూస్టర్ నిరుపయోగం అవుతుంది. కాబట్టి ఆ గడగడ శబ్దం కావాలనుకునేవాళ్ళు వేరే ఏర్పాటు ఖర్చు కూడా కలుపుకోవాలి. ఖాళీ వ్యాగన్‌కు వెనక బరువు తక్కువ. వెనక బ్రేకుల ఒత్తిడిని తగ్గించే వాల్వును బండి ఖాళీగా ఉన్నప్పుడు సర్దుతాం. అప్పుడు ముందు చక్రాలే మొదట ఆగాలి.

వైరింగ్ పాతది ఒక్క తీగ కూడా ఉంచం. ఇంజను, ఛాసిస్, బాడీ మూడింటినీ కలుపుతూ ఎర్త్ పట్టీలు వేస్తాం. వేసవిలో ఏసీతో పాటు రెండు ఫ్యాన్లు తిరగాలి కాబట్టి 100 ఆంపియర్లు దాటిన ఆల్టర్నేటర్ కావాలి.

ఒక మనవి. అసలు ఇంజను, అసలు రేకుతో ఉన్న రెండు తలుపుల షెవ్రలే నోమాడ్ వ్యాగన్ మీ దగ్గర ఉంటే దాన్ని కోయించకండి. మూడేళ్ళే, 1955 నుంచి 57 దాకా, ఆ రూపంలో వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు బాగుచేయడానికి మేం సిద్ధం, హాట్‌రాడ్ చేయడానికి నాలుగు తలుపుల బండి తెచ్చుకోండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి అంబాసిడర్‌కు ఇలాగే చేయొచ్చా అని అడుగుతున్నవాళ్ళకు: అక్కడి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చనివ్వదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2021 నాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు జరగని బండ్లకే. అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టుకోవడమే దారి.

చివరిగా, చక్రాలు ముందే కొనకండి. 1957 బండికి వచ్చింది 14 అంగుళాల చక్రం. చాలా డిస్క్ కిట్ల క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) అందులో పట్టదు, కొన్ని కిట్లు చక్రాన్ని బయటికి కూడా నెడతాయి. బ్రేకులు బిగించి, బండిని అనుకున్న ఎత్తుకు దించి, స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి కొలతలు తీసి మీకు పంపుతాం. ఆ కొలతలు అందాక ఆర్డర్ పెట్టండి.