బుజ్జమ్మకు, పెయింటు షెడ్డు నుంచి

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫొటో రాత్రి చూశాను. జెల్ పాలిష్ కిట్టు, దాంతో పాటు వేళ్ళు లోపల పెట్టుకునే లైటు, అన్నీ కలిపి రెండు వేల చిల్లర. కింద "నాన్నా ప్లీజ్" అని, మూడు దండాల బొమ్మలు. ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా, సరే" అంటావని కాగితం తీసుకున్నాను. డబ్బు పంపనని కాదు. ముందు ఇది పూర్తిగా చదువు.

మొదట ఆ కుట్టు మిషను సంగతి. సెలవుల్లో నువ్వు మీ అమ్మ మిషను మూత మీద రిమూవర్ సీసా ఒలకబోసినప్పుడు నేను అరిచాను. "గోళ్ళకు రంగులేసుకుంటూ కూర్చుంటే చదువొస్తుందా" అన్నాను. నువ్వు ఏమీ అనలేదు కానీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా రంగులేసి బతుకుతున్నవాడు అనాల్సిన మాట కాదది. నిజం చెప్పాలంటే మూత పాడైందని కాదు నా కోపం. నువ్వు కూర్చున్న చోటికి మూడడుగుల్లో దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. రిమూవర్‌లో ఉండేది ఎసిటోన్. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది, నిప్పు దొరికితే అంటుకుంటుంది. షెడ్డులో బీడీ ముట్టించిన కుర్రాణ్ణి ఆ రోజే పంపించేసే మనిషిని నేను. భయమేసి అరిచాను. భయమని చెప్పకుండా చదువు పేరు చెప్పాను.

ఆ మూత మీద రంగు ఎందుకు లేచిపోయిందో తెలుసా? నీ గోటి రంగూ, ఆ చెక్క మీది పాలిషూ ఒకే ఇంటి సరుకు. నైట్రో సెల్యులోజ్, మా భాషలో ఎన్.సి. దూదిని ఆమ్లాల్లో వేసి తయారుచేస్తారు. 1994లో సూళ్ళూరుపేట నుంచి వచ్చి పుదుపేటలో పనికి చేరినప్పుడు నేను రంగు చిమ్మే గన్నులో పోసిన మొదటి రంగు అదే. అంబాసిడర్ కారుకు వేశాం. 1920లలో అమెరికాలో డ్యూకో అని త్వరగా ఆరే కార్ల రంగు వచ్చింది, అదీ ఎన్.సి.నే. ఇవాళ్టి నెయిల్ పాలిష్ దానికి చెల్లెలు. నువ్వు ఆ చిన్న సీసా ముందర నాలుక బయటపెట్టి కూర్చున్నప్పుడల్లా నాకు నా మొదటి మేస్త్రీ గుర్తొచ్చేవాడు. ఆయనా అలాగే నాలుక బయటపెట్టేవాడు.

నువ్వు చేసిన తప్పులన్నీ ఆయన దగ్గర నేను చేసినవే. ఆ రోజు సరిగ్గా ఫ్యాను కింద కూర్చుని, రెండు కోట్లు మందంగా పూసి, రంగులో బుడగలు వచ్చాయని ఏడుపు మొహం పెట్టావు. మందంగా పూస్తే పైన చర్మం కట్టేస్తుంది, లోపలి థిన్నర్, అంటే రంగును పల్చబరిచే ద్రవం, బయటికి దారి వెతుక్కుంటుంది, ఆ దారే బుడగ. ఫ్యాను గాలి పైపొరను ఇంకా తొందరపెడుతుంది. పల్చగా ఒక కోటు, రెండు మూడు నిమిషాలు ఆగడం, మళ్ళీ పల్చగా ఇంకొకటి. పది నిమిషాలకు చేతికి అంటకపోతే ఆరిందనుకుంటావు, ఆరదు. రాత్రి పడుకుని లేస్తే దుప్పటి నేత గోటి మీద అచ్చు పడుతుంది, చూశావు కదా. సీసాను ఊపకు, గాలి చేరుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించు. అందులో గలగలమనే గోలీలు రంగు కలవడానికే వేస్తారు.

ఇంకొకటి, ఇది మా కుర్రాళ్ళకు కూడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. కారు డోరుకు రంగు ముందు పోయేది మధ్యలో కాదు, అంచు దగ్గర. గోరూ అంతే. బ్రష్షును గోటి కొస మీద, ముందు వైపు, ఒకసారి అడ్డంగా లాగు. నీ పాలిష్ మూడు రోజులకే పెచ్చులు లేస్తోందన్నావే, కారణం అదే. పూసే ముందు గోటిని కాస్త రిమూవర్‌తో తుడిచి నూనె జిడ్డు తీసెయ్యి. బేస్ కోటు మానకు. అది మేం రంగుకు ముందు వేసే అడుగుపూత, ప్రైమర్ లాంటిది. అది లేకుండా ముదురు ఎరుపు వేస్తే గోరు పచ్చబడుతుంది.

చెన్నై గాలిలో ఈ పని ఇంకా కష్టం. వానాకాలంలో ఎన్.సి. కొడితే థిన్నర్ ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద కూర్చుంటుంది, రంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. దాని కోసం నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. నువ్వేమో ఏదో వీడియో చూసి, పొయ్యి ఆర్పేసిన గిన్నె మీది ఆవిరికి తడి గోళ్ళు పట్టి, మెరుపు చంపేసి "మ్యాట్ ఫినిష్" అన్నావు. మేం జీవితమంతా తప్పించుకు తిరిగిన దోషాన్ని మీరు ఫ్యాషన్ చేశారు! చూసి నవ్వొచ్చింది, కానీ బాగుంది. బెంగళూరులో ఇంత ఉక్క ఉండదు కాబట్టి అక్కడ నీకు రంగు మాట వింటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పేపరు గోళ్ళు. ఇంకా నేను చదవని పేపరు కత్తిరించావని కోపం వచ్చిన మాట నిజమే. లేత బూడిద రంగు ఆరాక, స్పిరిట్ తడి చేసి పేపరు ముక్క నొక్కి పెట్టి తీస్తే అక్షరాలు దిగాయి. తెలుగు అక్షరాలు గోటి మీద! కాకపోతే తిరగబడ్డాయి. నీ బొటనవేలి మీద "ధర" అనే మాట అద్దంలో చూసినట్టు ఉండింది. ఏం ధరో తెలియలేదు, ఆ ముక్క నీ వేలి మీదే ఉండిపోయింది.

ఇప్పుడు జెల్ సంగతి.

నేను గన్ను పట్టడం ఎందుకు మానేశానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "మా నాన్న ఓనరు, అందుకే రంగు కొట్టడు" అని నువ్వు స్కూల్లో చెప్పుకునేదానివి. నేనూ సరిదిద్దలేదు, వినడానికి బాగుండేది. ఎన్.సి. పోయి టూ-కే రంగులు వచ్చాయి, అంటే రంగులో హార్డెనర్ కలిపి కొట్టేవి. గట్టిగా ఉంటాయి, మెరుస్తాయి, థిన్నర్‌కు కరగవు. మేం గ్లౌజు లేకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేసేవాళ్ళం. మొదట్లో ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. 2010లో, నీకు రెండేళ్ళప్పుడు, వేళ్ళ సందుల్లో దురద, పొక్కులు. తర్వాత హార్డెనర్ డబ్బా మూత తీస్తే చాలు, ఛాతీ పట్టేసేది. డాక్టరు చెప్పింది ఒక్కటే: ఒంటికి ఒకసారి ఆ మందు పడనిదైపోయాక మళ్ళీ పడేలా చెయ్యడం కుదరదు, చుక్కైనా దూరంగా ఉండాల్సిందే. అప్పటి నుంచి నేను షేడు కలిపి చూపిస్తాను, మెరుపు తెచ్చే కంపౌండ్ రుద్దుతాను, ఎస్టిమేట్లు రాస్తాను. గన్ను వేరేవాళ్ళు పడతారు.

జెల్‌లో ఉండేది ఆ మందు కాదు. పేరు వేరు, అక్రిలేట్లు అంటారు. మన షెడ్డుకు రంగులు సప్లై చేసే కుర్రాడు కెమిస్ట్రీ చదివాడు, నీ ఫొటో అతనికి చూపించాను. పద్ధతి మాత్రం అదేనన్నాడు. మామూలు పాలిష్ ఆరుతుంది, అంటే థిన్నర్ ఎగిరిపోతుంది, అంతే. జెల్ ఆరదు. లైటు తగిలి లోపల అణువులు ఒకదానికొకటి గొలుసులా కట్టుకుని గట్టిపడుతుంది. గట్టిపడ్డాక పెద్దగా భయం లేదు. గట్టిపడని జెల్ చర్మానికి తగలడం, అదీ మళ్ళీ మళ్ళీ తగలడం, అక్కడే ఉంది ప్రమాదం. ఒకసారి అలర్జీ వచ్చిందంటే నా హార్డెనర్ లాగే, పోదు. పైగా పంటికి నింపే సిమెంటులో, ఎముకల ఆపరేషన్లో వాడే సిమెంటులో కూడా అక్రిలేట్లే ఉంటాయి. పద్దెనిమిదేళ్ళకు గోటి రంగుతో తెచ్చుకున్న తగువు అరవై ఏళ్ళప్పుడు మోకాలి దగ్గర అడ్డురావచ్చు.

ఇంట్లో కిట్లతో చేసుకునేవాళ్ళకే ఈ తిప్పలు ఎక్కువన్నాడు. చెయ్యి తిరగక రంగు గోటి పక్క చర్మం మీదికి పోతుంది, అలాగే లైటులో పెట్టేస్తారు. లైటు ఒక కంపెనీది, జెల్ ఇంకొకటి, రెండూ కలవకపోతే పైన గట్టిపడి అడుగున పచ్చిగా ఉంటుంది. అది బయటికి తెలియదు. నీ కిట్టు వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లు చూపించాడు. ఒకటి హెమా, ఎక్కువగా అలర్జీ తెచ్చేది అదేనట. ఇంకొకటి టీపీఓ, లైటు తగిలితే జెల్ గట్టిపడేలా చేసేది. 2025 సెప్టెంబర్ 1 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు. నువ్వు చూసిన కిట్టు వద్దు.

అలాగని జెల్ అసలే వద్దంటే నువ్వు ఫ్రెండు దగ్గర వేయించుకుంటావని నాకు తెలుసు. అందుకని ఇంకో దారి చూశాను. కారు బంపరుకు రంగు వెయ్యాలంటే మేం కారు మీద ఉంచి వెయ్యం, విప్పి స్టాండు మీద పెట్టి వేస్తాం. నువ్వు కూడా పెట్టుడు గోళ్ళు కొనుక్కో. స్టాండుకు అంటించి, దాని మీద నీ పిల్లికళ్ళ డిజైను, క్రోమ్ పొడి, ఏదైనా చేసుకో. అయస్కాంతంతో రంగులో ఇనుప రజను జరిపే ఆ పిల్లికన్ను పని నాకూ చూడాలని ఉంది. మా మెటాలిక్ రంగులో అల్యూమినియం పలుకులు ఎటు పడుకుంటే అటు మెరుస్తాయి, మాకు అయస్కాంతం సౌకర్యం లేదు. లైటు కింద బాగా గట్టిపడ్డాక, జిగురు ద్రవం కాకుండా రెండు వైపులా అంటుకునే చిన్న స్టిక్కర్లతో వేలికి పెట్టుకో. చర్మానికి ఏదీ తగలదు, లైటులో నీ చెయ్యి పెట్టే పనే లేదు. నైట్రైల్ గ్లౌజు వేసుకో, దాని మీద జెల్ పడితే తుడవడం కాదు, మార్చెయ్యి. జెల్ గ్లౌజులోంచి కూడా దిగుతుంది. హెమా, టీపీఓ రెండూ లేని సీసాలు చూసి కొను, కాస్త ఎక్కువైనా పరవాలేదు.

ఎప్పుడైనా ఎవరైనా నీ గోటికే జెల్ వేస్తే మాత్రం దాన్ని పెచ్చులుగా పీకకు. దాంతో పాటు గోరు పొర లేస్తుంది. చేతి గోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, పాడైన గోరు పూర్తిగా పోయి కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. నమ్మకపోతే ఆషాఢంలో మీ అమ్మ పెట్టిన గోరింటాకు చూసుకో. అరచేతిలో ఎప్పుడో పోయింది, గోటి మీద ఎర్ర చంద్రవంక మాత్రం కార్తీకం దాకా పైకి జరుగుతూనే ఉంటుంది. గోరింటాకు గోటి మీద కూర్చోదు, గోట్లోకే దిగుతుంది. పెచ్చు లేవని రంగంటే అదొక్కటే. మా కంపెనీలేవీ ఇప్పటికీ అలాంటిది కనిపెట్టలేదు.

షెడ్డు నుంచి థిన్నర్ తెమ్మని అడిగావు, చిక్కబడిన సీసాల్లో పొయ్యడానికి. తేను. అందులో టోలీన్ ఉంటుంది, తలనొప్పి తెచ్చే మందు. పాలిష్ థిన్నర్ అని విడిగా అమ్ముతారు, రెండు చుక్కలు చాలు. రిమూవర్ పొయ్యకు, రంగు విరిగిపోతుంది.

మిషను మూతకు మళ్ళీ పాలిష్ పట్టాను. వాటర్ పేపర్ రుద్ది, మూడు కోట్లు. మీ అమ్మ చూసి "ఇంత బాగా వచ్చేదైతే పిల్లను ఎందుకు తిట్టావు" అంది. సమాధానం లేక టీ తాగడానికి వెళ్ళాను.

ఇంకొక సంగతి. నువ్వు వదిలేసి వెళ్ళిన మెరూన్ సీసా ఉంది కదా, దాన్ని మీ అమ్మ తీసింది. ఎడమ చేతికి తనే వేసుకుంది, కుడి చేతికి వచ్చేసరికి చెయ్యి వణికి ఇటు పెట్టమని నా ముందు చాపింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని పని. పల్చగా రెండు కోట్లు వేశాను, అంచులు కూడా లాగాను. పైగా మీ అమ్మ "రన్ రాలేదే" అని మెచ్చుకుంది, అంటే రంగు కిందికి కారలేదని. ఎక్కడ నేర్చుకుందో ఆ మాట.

ఇప్పుడు ఆ సీసా అడుగంటింది. డబ్బు రేపు వేస్తాను, వెయ్యిన్నర. అందులో అదే రంగు ఒకటి కొను. పేరు చూసి కొనకు, ఒకే పేరు మీద షేడు మారుతుంది. సీసా అడుగున స్టిక్కరు మీద నంబరు ఉంటుంది, మీ అమ్మ దగ్గర అడిగి ఫొటో పంపుతాను, ఆ నంబరు చూపించి తీసుకో.

నాన్న