డాలర్లను గుణిస్తే మన ధర వస్తుందా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో దసరాకు ఏ గేమింగ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె) కొనాలో చెబుతూ వ్యాసం వేశారు. సవరణ వస్తుందేమోనని వారం ఆగాను. రాలేదు కాబట్టి రాస్తున్నాను.

వ్యాసంలో సగం పట్టికే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు 12 టెరాఫ్లాప్స్ (గ్రాఫిక్స్ లెక్కలు చేసే వేగం), ప్లేస్టేషన్ 5కు 10.28, కాబట్టి ఎక్స్‌బాక్స్ గెలిచిందట. పక్క గడిలోనే ఎస్‌ఎస్‌డీ (గేమ్స్ దాచుకునే మెమరీ) వేగం సెకనుకు ప్లేస్టేషన్‌ది 5.5 జీబీ, ఎక్స్‌బాక్స్‌ది 2.4 అని ఉంది. దాని ఊసే లేదు. 32 అంగుళాల పాత టీవీలో ఈ రెండింటి గ్రాఫిక్స్ తేడా కనిపెట్టినవాడికి శాలువా కప్పుతాను. తేడా తెలిసేది ఎక్స్‌బాక్స్‌లోనే తక్కువ ధరకు వచ్చే సిరీస్ ఎస్‌తో. బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ ప్లేస్టేషన్‌కు 2023 సెప్టెంబరులో వస్తే, ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరు దాకా రాలేదు. ఆ చిన్న పెట్టెలో ఇద్దరు కలిసి ఆడే స్ప్లిట్ స్క్రీన్ నడవక, చివరికి అందులో దాన్ని తీసేసి వదిలారు. కొనేవాడికి ఇది చెప్పక్కర్లేదా?

ఇక ధరలు. నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2 ధర 449.99 డాలర్లు, అంటే దాదాపు 40 వేలట. ఆ రేటుకు ఇక్కడ ఎవరిస్తున్నారో అడ్రసు కూడా వేయాల్సింది. స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు. దొరికేది బయటి నుంచి తెచ్చిన సరుకు. షాపువాడు చెప్పిందే ధర, అతని నోటిమాటే వారంటీ. అసలు డాలరు లెక్క జపాన్‌లోనే నిలవలేదు. అక్కడ జపనీస్ భాష మాత్రమే ఉన్న స్విచ్ 2ను 49,980 యెన్‌లకు, అన్ని భాషలున్నదాన్ని 69,980కి పెట్టారు. మనకేమో కస్టమ్స్ సుంకం, ఆపైన 18 శాతం జీఎస్టీ. ప్లేస్టేషన్ 5 ఇక్కడికి 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చి, మరుసటి ఏడాది చివరికి 54,990 అయింది. పాతబడేకొద్దీ ధర పెరగడం బంగారానికే అనుకున్నాం! అప్పట్లో పెద్ద కొత్త గేమ్ ఒక్కోటి 4,999. పది కొంటే సరిగ్గా పెట్టె తొలి ధర అయినట్టే. డిస్కు ఉంటే ఆడేసి సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు, డిస్కు పెట్టే చోటే లేని డిజిటల్ ఎడిషన్‌లో ఆ దారీ లేదు. మధ్యతరగతివాడికి ఇదే అసలు పోలిక. మీ పట్టికలో దీనికి గడి లేదు.

ప్లేస్టేషన్ 5లోనే ఇంకా శక్తిమంతమైన రకం, ప్రోకు అయిదు నక్షత్రాలిచ్చారు. 2024 నవంబరులో అది విడుదలైనప్పుడు, 6 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండ్‌పై నడిచే వైఫైకి ఇక్కడ అనుమతి లేదు కాబట్టి భారత్‌లో అమ్మడం లేదని దాన్ని తయారుచేసే సోనీయే చెప్పింది. అమెరికా ఆ బ్యాండ్‌ను 2020లోనే తెరిచింది. మన టెలికాం శాఖకు ముసాయిదా నిబంధనలు రాయడానికే 2025 మే దాకా పట్టింది. ఏం తొందర! హైదరాబాద్‌ను యానిమేషన్, గేమింగ్ కేంద్రం చేస్తామని ఆ కంపెనీల కోసం కట్టే ఇమేజ్ టవర్‌కు 2017లోనే శంకుస్థాపన చేశారు. గేమ్స్ తయారు చేయమన్నారు, ఆడే ఈ కొత్త యంత్రాన్ని మాత్రం అప్పుడు రానివ్వలేదు. అధికారులకు గేమింగ్ అంటే ఇప్పటికీ ఆన్‌లైన్ రమ్మీయే కాబోలు.

వాళ్లను అనడానికి మీరున్నారు, మిమ్మల్ని అనడానికి మేమున్నాం. ఒకప్పుడు మీ పేపర్లో టీవీ గురించి రాసినా షాపు ధర కనుక్కుని వేసేవారు. ఇప్పుడు విదేశీ పట్టిక తెచ్చి, పైన దసరా అని అతికిస్తే సరిపోతోంది.

ఈ ఉత్తరం వేయకపోయినా ఫరవాలేదు. ఆ ధరల గడులు మాత్రం సరిచేసి వేయండి. దీపావళికి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

– ఒక పాఠకుడు, హనుమకొండ